నీలం సున్నాల దారి

మా బాబాయ్ దారి పొడవునా రాళ్ళ మీద నీలం సున్నాలు వేసి వచ్చాడు. వాటిని అందరికంటే ముందు నేనే చూడాలని మర్నాడు పొద్దున్నే పరుగుకి బయల్దేరాను. పందెం ఆ మర్నాడే.

దారి రేవు దగ్గర మొదలవుతుంది. ఇసుక ఒడ్డు వెంట కొంత దూరం వెళ్ళి, కొండ అంచుకి ఎక్కి, చిన్న లోయలోకి దిగి, గట్టు దాటి, పెద్ద లోయ చివర పాడుబడ్డ నీటిమిల్లు దగ్గర ఆగుతుంది. ఎడమ చేతి వైపు సముద్రం చాలాసేపు తోడు వస్తుంది. గట్టు దాటాక ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయి, గడ్డి వాసన మొదలవుతుంది. అక్కడ నా ఊపిరి నాకే వినపడుతుంది. ఆ చోటంటే నాకు ఇష్టం. పరిగెత్తేటప్పుడు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మిగతా పనులన్నిటికీ నోరు కావాలి, దీనికి కాళ్ళు చాలు.

పందెం పెడుతున్నది మా బడి డ్రిల్లు మాస్టారు. బయటి ఊళ్ళ నుంచి చాలామంది వస్తున్నారు. దారిలో మనుషుల్ని నిలబెట్టడం కుదరదు కాబట్టి గుర్తులు వేసే పని బాబాయ్‌కి ఇచ్చారు. "బాణాలూ అక్షరాలూ ఏమీ వద్దయ్యా. ఒక సున్నా దగ్గర నిలబడితే ముందున్న సున్నా కనపడాలి. అంతే," అన్నారు.

బాబాయ్ బోర్డులు రాసేవాడు. రేవు వీధిలో ఏ దుకాణం తలెత్తి చూసినా ఒకప్పుడు ఆయన అక్షరాలే. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. బ్రష్షులు కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, మళ్ళీ నానబెట్టడమే పనైంది. ఈ పందెంలో ఎవరూ దారి తప్పకపోతే తీరం వెంట ఉన్న పరుగు దారులన్నిటికీ గుర్తులు వేసే పని, వాటిని ఏటా సరిచేసే పని ఆయనకే ఇప్పిస్తానని మాస్టారు మాటిచ్చారు. ఆ మాట విన్న రోజు నుంచి బాబాయ్ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

ఇసుక ఒడ్డు దాటేదాకా ఒక్క సున్నా కూడా కనపడలేదు. ఇసుక మీద ఎక్కడ వేస్తాడులే అనుకున్నాను. కొండ అంచుకి ఎక్కాను. అక్కడా లేదు. చిన్న లోయలో పెద్ద పెద్ద రాళ్ళున్నాయి, రంగు కోసమే పుట్టినట్టు ఉంటాయి. వాటి మీదా లేదు. పెద్ద లోయలో దారి మూడుగా చీలే చోట ఆగి చుట్టూ చూశాను. గొర్రెల దొడ్డి ఉంది, రాతి గోడ ఉంది. నీలం సున్నా లేదు.

నిన్న పొద్దు పొడవకముందే పాలవ్యాను ఎక్కి వెళ్ళిన మనిషి చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. చేతులకి మోచేతుల దాకా నీలం. మరి ఆ రంగంతా ఎక్కడ పోసినట్టు?

ఇంక ముందుకి వెళ్ళబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగాను.

వచ్చిన దారిలో దొడ్డి గోడ దాటగానే ఎదురుగా, మలుపు రాయి మీద, అరచేయంత నీలం సున్నా. దాని దగ్గరికి వెళ్ళి నిలబడితే ముందు రాయి మీద ఇంకొకటి. అక్కణ్ణుంచి చూస్తే గట్టు మీద మరొకటి. చుట్టూ గీత ఎక్కడా వణకలేదు. వాన నీళ్ళు కారినా చెదరకుండా కింద అంచు కాస్త మందంగా వేశాడు. అంత ముచ్చటైన సున్నాలు నేనెక్కడా చూడలేదు. అన్నీ మిల్లు వైపు మొహం పెట్టుకుని ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. బాబాయ్‌కి మోకాలు నొప్పి. అంత ఎత్తు ఎక్కలేడు, దిగగలడు. అందుకే పాలవ్యానులో మిల్లు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి రేవుకి నడుచుకుంటూ, ఎదురొచ్చిన ప్రతి రాయికీ సున్నా పెట్టుకుంటూ దిగాడు. రేపు రెండొందల మంది రేవు నుంచి ఎక్కుతారు. వాళ్ళకి కనపడేది రాళ్ళ వీపులు.

మా అమ్మది బూట్లు బాగుచేసే దుకాణం. కింద దుకాణం, పైన మేము. నాన్న పడవ పని మీద వెళ్తే నెలల తరబడి రాడు. నేను వెళ్ళేసరికి అమ్మ బల్ల ముందు కూర్చుని, ఎవరిదో బూటు అట్టకి జిగురు రాస్తోంది. ఆ బూటు తాలూకు మనిషి స్టూలు మీద ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో కూర్చుని ఉంది. పందెం కోసం ముందు రోజు రాత్రే బస్సు దిగిన పళ్ళ డాక్టరమ్మ. మూల బాబాయ్ మోకాలి మీద వేడినీళ్ళ సీసా పెట్టుకుని, రెండు పొడవాటి గుడ్డల మీద అక్షరాలకి చివరి మెరుగు దిద్దుతున్నాడు. రేవు దగ్గర కట్టడానికి 'ఆరంభం', మిల్లు దగ్గర కట్టడానికి 'ముగింపు'.

"వచ్చిందండీ మా గుసగుస," అన్నాడు బాబాయ్ డాక్టరమ్మతో. నేను మాట్లాడితే గుసగుసలాడినట్టు ఉంటుందని ఆయన పెట్టిన పేరు అది. "చూశావా? ఎలా ఉన్నాయి నా సున్నాలు? చిన్నప్పుడు లెక్కల్లో నాకొచ్చినవన్నీ దాచిపెట్టి ఇప్పుడు రాళ్ళకి పంచాను."

"బాగున్నాయి బాబాయ్," అన్నాను.

"అంతేనా?"

దగ్గరికెళ్ళి ఆయన చెవిలో చెప్పాను. నవ్వుతున్న మొహం అలాగే ఉండిపోయింది, నవ్వు మాత్రం పోయింది. చేతిలో బ్రష్షు 'ముగింపు' పక్కన ఒక చుక్క రాల్చింది. బాబాయ్ చేతిలోంచి రంగు రాలడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఏమైందయ్యా?" అంది అమ్మ.

"ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే బల్లి మింగినవాడిలా ఆ చూపేంటి? ఏమే, నువ్వు చెప్పు. నోరు విప్పితే ముత్యాలేం రాలిపోవు."

చెప్పాను. అమ్మ జిగురు బ్రష్షు పక్కన పెట్టింది. "ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళ గుర్తులా! ఏమయ్యా, ఇంత వయసొచ్చింది..."

"బోర్డు రాసేటప్పుడు ఎదురుగా నిలబడి రాస్తాం వదినా. వెనకాల నిలబడి ఎవడైనా రాస్తాడా? చెయ్యి అలవాటైపోయింది," అన్నాడు బాబాయ్. "ఇప్పుడే వెళ్ళి వెనక వైపు వేసేస్తా."

"ఆ కాలితోనా? ఎక్కడం మొదలుపెడితే వచ్చే వారానికి చేరతావు."

"నేను వేస్తాను," అన్నాను.

బాబాయ్ తల అడ్డంగా తిప్పాడు. "డబ్బాలో అడుగంటింది. అయినా సాయంత్రం లోయలోకి మంచు దిగుతుందమ్మా. తడి రాయి మీద రంగు నిలవదు, తెల్లారేసరికి కారి కన్నీళ్ళు పెట్టుకుంటుంది." మోకాలి మీది వేడినీళ్ళ సీసా తీసి కింద పెట్టాడు. "పోయింది. చేతిదాకా వచ్చింది పోయింది."

నాకు దారి మీద తట్టిన మాటే మళ్ళీ గొంతులోకి వచ్చింది. ఈసారి గుసగుసగా చెప్పలేదు. "పందేన్నే తిప్పేద్దాం. మిల్లు దగ్గర మొదలుపెట్టి రేవుకి రమ్మందాం."

ముగ్గురూ నా వైపు చూశారు. చెవులు వేడెక్కాయి. కానీ చెప్పిన మాట సరైందని నాకు తెలుసు. తెలిసినప్పుడు చెవులు వేడెక్కినా ఫరవాలేదు.

సరిగ్గా అప్పుడే ఈల వినపడింది. మాస్టారు ఎక్కడికొస్తున్నా ముందు ఈల వస్తుంది, తర్వాత ఆయన వస్తారు. గుడ్డలు పట్టుకుపోవడానికి వచ్చారు. "అయ్యాయా అక్షరాలు?"

బాబాయ్ తలొంచుకుని బ్రష్షు తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ నా వీపు మీద వేలితో పొడిచింది.

"మాస్టారూ, సున్నాలు మిల్లు నుంచి వచ్చేవాళ్ళకే కనపడతాయి," అన్నాను. "బాబాయ్ దిగుతూ వేశాడు. పందెం కూడా దిగుతూ పెడితే ఏ ఇబ్బందీ ఉండదు."

మాస్టారు ముందు బాబాయ్‌ని కాకుండా నన్ను చూశారు. "ఐదేళ్ళు హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప 'ఉన్నాను సార్' అనని పిల్లవి. ఇవాళ నా పందేన్నే తలకిందులు చెయ్యమంటున్నావు!" తర్వాత మొహం గంభీరమైంది. బాబాయ్ వైపు తిరిగారు. "ఏంటయ్యా ఇది? నిన్ను నమ్ముకుంటే పీకల మీదకి తెచ్చావు."

"తప్పు నాదే మాస్టారూ."

"తప్పు సంగతి తర్వాత," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "చివర్లో వాళ్ళని తీసుకురావడానికి బస్సులు ఎలాగూ మిల్లు దగ్గరికి వెళ్ళాలిగా. అవే పొద్దున వాళ్ళని ఎక్కించుకుని వెళ్తాయి. పొద్దున గాలి లోయలోంచి సముద్రం వైపు వీస్తుంది, వీపుకి తగులుతుంది. చివరికి సముద్రం కనపడుతుంది. పాడుబడ్డ మిల్లు చూసి ఆగేకంటే అది బాగుంటుంది."

"బాగానే ఉంది. మరి ఇసుక ఒడ్డు? పొద్దున్నే నీళ్ళు వెనక్కి తగ్గి ఉంటాయని కదా అక్కడ మొదలుపెట్టింది. వీళ్ళు దిగొచ్చేసరికి పోటు వచ్చి ఇసుకంతా మునిగి ఉంటుంది. ఈదమంటావా?"

ఇది నేను ఆలోచించలేదు. ఈసారి బాబాయ్ దగ్గాడు.

"మాస్టారూ, నేనొచ్చేసరికీ నీళ్ళు నిండే ఉన్నాయి. ఇసుక మీదకి దిగలేక కొండ అంచునే రేవు మెట్ల దాకా వచ్చాను. సున్నాలు కూడా అటే వేశాను. నిన్న పొద్దుపోయాక మీకు చెబుదామనుకుని మర్చిపోయాను."

"అంటే నేను చెప్పిన దారి కూడా మార్చేశావన్నమాట!"

"కాలు తడుస్తుందని," అన్నాడు బాబాయ్ చిన్నగా.

డాక్టరమ్మ పకాలున నవ్వేసింది. నవ్వినందుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, ఆ నవ్వుకి మాస్టారి మీసం కూడా కదిలింది. ఆయన ఈల తాడు వేలికి చుట్టుకున్నారు.

"సరే. కానీ నోటిమాట మీద రెండొందల మందిని వదల్లేను. ఈ దారి నాకు తెలుసు, నీకూ తెలుసు. మనం పరిగెత్తితే అది పరీక్ష కాదు." డాక్టరమ్మ వైపు చూశారు. "అమ్మా, మీరు ఈ ఊరికి కొత్తే కదా?"

"బస్‌స్టాండు నుంచి ఈ దుకాణానికి రావడానికి నలుగుర్ని అడిగాను," అంది ఆవిడ.

"అయితే మీరే కావాలి. పాలవ్యాను ఇప్పుడు మిల్లు వైపు వెళ్తుంది. ఎక్కి వెళ్ళి, మెల్లగా సున్నాలు పట్టుకుని దిగి వస్తారా? ఈ పిల్ల మీ వెనకే వస్తుంది, నోరు మాత్రం విప్పదు. దారి చెప్పకూడదు, చెయ్యి చూపకూడదు, దగ్గకూడదు. రేవు దాకా మీ అంతట మీరు వస్తే పందెం తిప్పుతాను. లేకపోతే పందెం వాయిదా. గుర్తుల పని ఇంకెవరికైనా ఇస్తాను." నా వైపు తిరిగి, "నేను వెనకాల రాను. నువ్వు దారి చెప్పావో లేదో నిన్నే అడుగుతాను. నువ్వు ఏం చెబితే అదే నమ్ముతాను," అన్నారు.

"నోరు విప్పకుండా ఉండటమా! దీనికి అంతకంటే సులువైన పరీక్ష ఎవరూ పెట్టలేరు," అంది అమ్మ. డాక్టరమ్మకి బూటు అందించింది. "మెల్లగా వెళ్ళండమ్మా. నా జిగురు కూడా మీతోపాటు పరీక్షకి వెళ్తోంది."

మిల్లు దగ్గర దిగాక ఆవిడ బూటు తాళ్ళు బిగించుకుని చుట్టూ చూసింది. మిల్లు గోడ మీద మొదటి సున్నా ఉంది. "అదిగో!" అంటూ చిన్నపిల్లలా పరుగు తీసింది. నేను నాలుగడుగులు వెనకాల.

ఆవిడకి నోరు ఊరుకోదు. ఊపిరి ఆడకపోయినా మాట ఆడుతూనే ఉంటుంది. "ఇది రెండోది... అక్కడుంది మూడోది... నీకు తెలుసా, నా కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ నీలాగే ఉంటారు, నోరు తెరుస్తారు గానీ మాట్లాడరు." నాకు నవ్వొచ్చింది. నవ్వడం దారి చెప్పడం కిందకి వస్తుందేమోనని పెదాలు కొరుక్కున్నాను.

లోయలో ఎండ వాలుగా పడుతోంది. రాళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఒక సున్నా దగ్గర ఆగకుండానే ముందు సున్నా కంట్లో పడుతోంది. బాబాయ్ ఎక్కడెక్కడ నిలబడి, తలెత్తి, 'ఆ, అక్కడ' అనుకుని ఉంటాడో నాకు కనిపిస్తున్నట్టే ఉంది. ఒక చోట సున్నా పక్కనే రాయి మీద నీలం వేలిముద్రలు. అక్కడ మోకాలు పట్టుకుని కూర్చుని ఉంటాడు.

గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చాం. దారి మూడుగా చీలే చోటు. ఆవిడ ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది. సున్నా లేదు.

నేను చూశాను. దొడ్డికి చెక్క తలుపుంది. గొర్రెలు మేతకి వెళ్ళాయి. తలుపు బార్లా తీసి గోడకి ఆనించి ఉంది. తలుపు అంచు కింద రాలిన నీలం చుక్కలు కనిపిస్తున్నాయి. బాబాయ్ వచ్చినప్పుడు గొర్రెలింకా లోపలే ఉండి ఉంటాయి. మూసి ఉన్న తలుపు మీద ఎంతో శ్రద్ధగా సున్నా వేసి ఉంటాడు. ఇప్పుడది గోడకి మొహం తిప్పుకుని ఉంది.

"ఇటే అయ్యుంటుంది," అని ఆవిడ కుడివైపు దారి పట్టింది. అది పాత రాళ్ళ గని వైపు పోయే దారి. అక్కడ అంచుకి కంచె కూడా లేదు.

నోరు విప్పితే బాబాయ్ పని పోతుంది. విప్పకపోతే ఆవిడ గని దాకా పోతుంది, అప్పుడూ పోతుంది. ఇంకొంచెం ఆగితే ఆవిడే వెనక్కి రావచ్చు. కానీ రేపు ఇదే చోట, రెండొందల మందిలో సగం అటే పోతారు. ఆ మాట మనసులో పూర్తి కాకముందే నా గొంతు లేచింది.

"డాక్టరమ్మగారూ! ఆగండి! అది కాదు దారి!"

లోయ ఆ మాటని అటు గట్టుకి కొట్టి మళ్ళీ నాకే తెచ్చిచ్చింది. ఆవిడ ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది. నేను తలుపు లాగి చూపించాను. సున్నా చక్కగా, గుండ్రంగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది.

"అయ్యో," అంది ఆవిడ. తలుపు మీద చెయ్యి వేసి, "నేను చెప్పనులే. నువ్వూ చెప్పకు. మిగతావన్నీ బాగున్నాయిగా. ఈ తలుపు సంగతి మీ బాబాయ్ చెవిలో వేస్తే చాలు, ఆయనే చూసుకుంటాడు."

"మాస్టారు నన్నే అడుగుతానన్నారు," అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. నా భుజం తట్టి, తర్వాత సున్నా ఎక్కడుందో వెతుక్కుంటూ పరుగెత్తింది.

ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. గట్టెక్కగానే సముద్రం ఒక్కసారిగా పరుచుకుంది. ఆవిడ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆవిడ నోరు మూతపడింది ఆ ఒక్కచోటే. చిన్న లోయ దిగి, కొండ అంచున నడిచి, రేవు మెట్లు దిగాం. కింద ఇసుక ఉన్నచోట నీళ్ళు గోడకి కొట్టుకుంటున్నాయి. చివరి సున్నా పక్కన మాస్టారు, అమ్మ, బాబాయ్ నిలబడి ఉన్నారు. బాబాయ్ ఒంటికాలి మీద కొంగలా ఉన్నాడు.

"దారి చెప్పావా?" అన్నారు మాస్టారు.

"చెప్పాను. ఒక్క చోట."

బాబాయ్ కళ్ళు దించుకున్నాడు. నేను ఆపలేదు. "గొర్రెల దొడ్డి తలుపు మీద సున్నా వేశాడు. తలుపు తీస్తే అది కనపడదు. రేపు మనవాళ్ళు వచ్చేసరికి గొర్రెలు మేతకి వెళ్ళిపోయి ఉంటాయి. తలుపు పక్కన రాతి స్తంభం ఉంది, దాని మీద వేస్తే తీసినా మూసినా కనపడుతుంది. డబ్బా అడుగున ఉన్న రంగు ఒక్క సున్నాకి సరిపోతుంది. మంచు దిగకముందు నేను వెళ్ళి వేసి వస్తాను. మిగతా వాటిలో ఏ ఒక్కటీ నేను చెప్పలేదు, ఆవిడే పట్టుకుంది. అవన్నీ బాబాయ్ పనితనం."

అంత పొడవు మాట నేను ఒక్క ఊపిరిలో ఎప్పుడూ మాట్లాడలేదు. పరుగులో వచ్చే ఆయాసం కంటే ఎక్కువ ఆయాసం వచ్చింది.

"నిజమేనండీ," అంది డాక్టరమ్మ. "దాచేద్దామని నేనే అన్నాను. ఈ అమ్మాయి ఒప్పుకోలేదు."

మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా తీసేశారు. "పరీక్ష పెట్టింది ఎందుకు? లోపం రేపు బయటపడకుండా ఇవాళ బయటపడాలని. బయటపడింది." బాబాయ్ వైపు చూశారు. "ఏమయ్యా, తలుపులకీ కిటికీలకీ వేశావా ఇంకెక్కడైనా?"

"ఆ ఒక్క తలుపే మాస్టారూ. ఒట్టు."

"గొర్రెలకి వెయ్యలేదు కదా?"

"అవి కుదురుగా నిలబడలేదండీ," అన్నాడు బాబాయ్. అమ్మ నవ్వు ఆపుకోలేక రేవు గోడ పట్టుకుంది.

మాస్టారు గుడ్డలు రెండూ చంకలోంచి తీసి ఒకటి నా చేతికిచ్చారు. "ఇది మిల్లు దగ్గర కట్టు. ఎలాగూ వెళ్తున్నావుగా." విప్పి చూస్తే 'ఆరంభం'.

మర్నాడు ఎవరూ దారి తప్పలేదు. నేనూ పరిగెత్తాను. మొదట వచ్చినవాళ్ళలో లేను, చివరా లేను. దొడ్డి దగ్గర స్తంభం మీద సున్నా కాస్త వంకరగా ఉంది, అది నాది. డాక్టరమ్మ దాని పక్కనుంచి పోతూ, "ఇది మాత్రం వేరే చెయ్యి!" అని అరిచింది. అమ్మ జిగురు కూడా ఊడలేదు.

సాయంత్రం మాస్టారు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. తీరం దారులన్నీ బాబాయ్‌వే అన్నారు. "కానీ ఒక షరతు. ఇవాళ దిగినవాళ్ళు సగం మంది, ఈసారి ఎక్కి చూస్తాం అంటున్నారు. ప్రతి రాయికీ రెండు వైపులా వెయ్యాలి. ఎక్కేవాళ్ళకీ, దిగేవాళ్ళకీ."

"రెండు వైపులంటే పని రెట్టింపు మాస్టారూ," అన్నాడు బాబాయ్. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఎవరూ అంత సంతోషంగా కష్టం చెప్పుకోరు.

ఆ తర్వాతి వారం రెండో దారికి బయల్దేరాం. పాలవ్యాను మమ్మల్ని పైన దింపింది. బాబాయ్ ఒక రాయికి రెండు మొహాలా సున్నాలు పెట్టి, బ్రష్షు పైకెత్తి నిలబడతాడు. నేను కిందికి పరిగెత్తి, తర్వాత రాయి దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తాను. ఎక్కివచ్చేవాళ్ళకి కనిపిస్తోందో లేదో చెప్పడం నా పని.

"కనిపిస్తోంది బాబాయ్!"

"వినపడలేదు!"

వినపడిందని నాకు తెలుసు. అయినా రొమ్ము నిండా గాలి తీసుకుని, లోయంతా వినేలా మళ్ళీ అరిచాను. కింద మలుపులో పాలవ్యానువాడు ఉలిక్కిపడి హారన్ కొట్టాడు.